పుట్టింటి పిలక

తాతారావు అరటి తోటలో చెట్ల నీడన కుర్చీ వేశారు. వీరవేణి వచ్చి కూర్చుని, ఎడమచేతి మీది గుడ్డ మోచేతి దాకా మడిచి, అరచెయ్యి పైకి తిప్పి ఒళ్ళో పెట్టుకుంది. మణికట్టుకి కాస్త పైన, రూపాయి బిళ్ళంత మేర, చర్మం మిగతా చేతిలా లేదు. అరటి మొవ్వులోని లేత ఆకులా పల్చగా, నున్నగా ఉంది. అడుగున ఎర్రటి సన్న నరాలు కనబడుతున్నాయి. చుట్టూ చేరిన జనం ఆ బిళ్ళనే చూస్తున్నారు. దాన్ని మోస్తున్న పిల్ల మొహంలోకి చూసినవాళ్ళు లేరు. చూడకపోవడమే ఆమెకీ హాయి. పద్దెనిమిదేళ్ళొచ్చినా నలుగురి ముందు నోరు విప్పడం ఆమెకి చేతకాదు.

డాక్టర్ హైమవతి ఒక్కో చెట్టు నుంచీ ఆకు ఈనె చిన్న ముక్క కోసి, పిండి, కారిన జిగురు రసాన్ని, కరని, గాజుపుల్లతో తీసి ఆ బిళ్ళ మీద ఒక చుక్క పెడుతోంది. కాసేపు ఆగి, ఏమీ కాకపోతే దూదితో తుడిచి, ఇంకో చెట్టు దగ్గరికి వెళ్తోంది.

"మేడమ్ గారండీ, బోదెలు సూడండి, ఏనుగు కాళ్ళలా లేవూ? నా తోటకి రోగవేంటండి" అంటున్నాడు తాతారావు.

"తోటకి లేదు బాబాయ్, నీ నోటికే" అని వెనక ఎవరో అన్నారు. జనం నవ్వారు, తాతారావు కూడా నవ్వాడు. అతని భార్య సుభద్ర అందరికీ మజ్జిగ పోస్తూ, వీరవేణి కుడిచేతికి కూడా ఒక గ్లాసు అందించింది.

గట్టు వారనున్న చెట్టు చుక్క పెట్టగానే బిళ్ళ మీద జిల పుట్టింది. అది వీరవేణికి తెలిసిన కాసేపటికి గానీ చూసేవాళ్ళకి తెలియలేదు. ముందు అంచులు ఎర్రబడ్డాయి, తర్వాత మధ్యలో దద్దురు లేచింది. అది శనగగింజంత అయింది. వీరవేణి ఇంకా తాగని మజ్జిగ గ్లాసును సుభద్ర మెల్లిగా వెనక్కి తీసుకుంది.

తాతారావు కుర్చీ ముందు చతికిలబడి, డాక్టరమ్మతో కాకుండా ఆ పిల్లతోనే మాట్లాడాడు. "అమ్మా, నువ్వు సెప్పమ్మా. ఎండకి పేలిందని సెప్పు. నీ మాటైతే ఇంటారు."

వీరవేణి తల ఇంకా కిందికి దించుకుంది.

"ఆ అమ్మాయి మాట చెల్లదండీ" అంది హైమవతి. "చెయ్యి ఒక్కటే చెల్లుతుంది. ఆ నిబంధన రాసింది నేనే."

ఎందుకు రాసిందో కూడా చెప్పింది. మొదట్లో ఒక ఊళ్ళో రైతులు పరీక్ష చేసే పిల్ల ఇంటి చుట్టూ చేరి, తోట బాగుందని చెప్పమని రెండు రోజులు గుమ్మం కదలనివ్వలేదట. పిల్ల మాటకి విలువ లేదని తెలిస్తే ఎవరూ ఆమె జోలికి పోరని అలా రాసిందట. తాతారావుకి అదంతా చెవికెక్కలేదు. సాయంత్రానికల్లా అతని తోటతో పాటు చుట్టుపక్కల తోటలు కూడా నరికి, దుంపల్లోకి మందు పోశారు. వాటిలో సూరిబాబు తోట ఒకటి. సూరిబాబు వీరవేణి తండ్రి.

ఆ నరుకుడు అయ్యాక సూరిబాబు కూతుర్ని పేరు పెట్టి పిలవడం మానేశాడు. అన్నం దగ్గర కూర్చుని భార్యని అడిగేవాడు: "సెయ్యి తిన్నాదా?" వాకిట్లో చెప్పులు కనబడితే అనేవాడు: "సెయ్యి వొచ్చినట్టుంది." అతను దాన్ని కోపంగా అనేవాడు కాదు, ఇంట్లో ఉన్న ఏదో సామాను గురించి అడిగినట్టు అనేవాడు. మొగలిలంకలో మిగతావాళ్ళూ అదే పేరు పట్టుకున్నారు. ఆమె రేవు దిగుతుంటే "చెయ్యి వస్తోంది" అని కబురు ముందే ఊళ్ళోకి పాకిపోయేది.

* * *

అరటికి వెర్రితల తెగులు ఎప్పట్నుంచో ఉంది. ఆకులు ఎదగక, తల మీద జుట్టు ముడేసినట్టు గుత్తిగా నిలబడిపోతే రైతే చూసి దుంపతో సహా తవ్వి పారేసేవాడు. కొత్తగా వచ్చినది అలా కనబడేది కాదు. దాన్ని మూగ వెర్రితల అన్నారు. చెట్టు నిగనిగలాడుతూ ఎదిగేది. తీరా గెల వెయ్యాల్సిన వేళకి పువ్వు చెట్టు గొంతులోనే ఇరుక్కుని కుళ్ళిపోయేది. ఆలస్యంగా అంటుకుంటే ఆ ఒక్క గెలా బాగానే దిగేది, పిలకలు మాత్రం రోగంతోనే పుట్టేవి. అప్పటికే పేనుబంక పురుగు ఆ వైరస్‌ని పక్క తోటలకి మోసుకుపోయి ఉండేది. మూడేళ్ళలో డెల్టాలో సగం అరటి పోయింది.

వీరవేణి ఇంటరు తప్పి, ఏటిగట్టు కిందనున్న పరిశోధన కేంద్రంలో గాజు సామాను కడిగే పనిలో చేరింది. అక్కడ కుందేళ్ళు ఉండేవి. వాటికి వైరస్ ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన ప్రతిరక్షకాలని, అంటే యాంటీబాడీలని, కాగితపు పట్టీల మీద అద్దేవారు. పట్టీ మీద ఆకు రసం వేస్తే, తెగులుంటే గీత పడేది. మూగ వెర్రితలకి ఆ గీత పడేసరికి తోట చచ్చి ఉండేది.

"పట్టీ మీదున్న ప్రతిరక్షకం ఒంటరి కాపలావాడు" అని హైమవతి ఒకసారి చెప్పింది. "దొంగ వచ్చి తగిలితే పట్టుకుంటాడు. కానీ ఒక్కడే కాబట్టి బయటివాళ్ళకి తెలీదు. ఒంట్లో ఉన్నవాడు అలా కాదు. పట్టుకోగానే కేకేస్తాడు. కేకకి వందమంది వస్తారు. ఆ గొడవే మనకి దద్దురులా కనబడుతుంది."

అందుకే ఆమె ప్రతిరక్షకాలు తయారుచేసే కణాలని గాజుపళ్ళెంలో పెంచి, మనిషి చర్మంలో నాటింది. పారే నెత్తురుంటేనే అవి బతుకుతాయి. చాలామంది ఒళ్ళు వాటిని బయటికి తోసేసింది. నిలబెట్టుకున్నది ఇద్దరే, వీరవేణి, కృష్ణా లంకల నుంచి వచ్చిన రత్నకుమారి. హైమవతి బలవంతపెట్టలేదు. వద్దనుకుంటే చెప్పమని చాలాసార్లు అడిగింది. వీరవేణికి వద్దనాలనిపించలేదు. తను లేకపోతే జరగని పని ఒకటి లోకంలో ఉండడం ఆమెకి అదే మొదలు.

ఆ చెయ్యికి ఒక గుణముంది. లేచిన ప్రతిసారీ అంతకు ముందుకన్నా ఎక్కువగా లేచేది. మొదట్లో శనగగింజ, తర్వాత ఉసిరికాయ. చివరికి రత్నకుమారికి ఒక తోటలో దద్దురు చేతి మీద ఆగలేదు. మెడ దాకా పాకి, గొంతు పూడుకుపోయింది. ఆ పిల్లని పంటు మీద ఏరు దాటిస్తుండగానే ప్రాణం పోయింది.

ఆ రోజు నుంచి హైమవతి నవ్వడం తగ్గించింది. మందు నింపిన సూది ఒకటి సంచీలో పెట్టి వీరవేణి మెడలో వేసింది. దాన్ని తొడకి ఎలా పొడవాలో తల్లికి నేర్పింది. ఇంకో పని కూడా చేసింది. అంతకుముందు ఏ తోటలోనైనా పరీక్షకి ముందు, తెగులున్న కర చుక్క ఒకటి సీసాలోంచి తీసి బిళ్ళ మీద పెట్టి, చెయ్యి పనిచేస్తోందా లేదా చూసుకునేవారు. ఆ చుక్క మానేసింది. లేచిన ప్రతిసారీ ఆ పిల్ల గండానికి ఒక మెట్టు దగ్గరవుతుంటే, ఊరికే చూసుకోవడానికి లేపడమెందుకని. సీసా కూడా ఇక వెంట తెచ్చేది కాదు.

"వచ్చే పరీక్షలో మొగలిలంక శుభ్రంగా ఉందని తేలితే ఇది తీసేస్తాను" అని మాటిచ్చింది. "తీసిన కణాలతో పట్టీలు చేసే దారి దొరికేలా ఉంది. ఇక ఎవరి చెయ్యీ అక్కర్లేదు."

* * *

ఏడాది గడిచింది. నరికిన నేలలో కేంద్రమే ఇచ్చిన శుభ్రమైన మొక్కలు నాటారు. నాటుకోవడానికి మొగలిలంక చక్కెరకేళి పిలకలంటే ఆ చుట్టుపక్కల పేరు. గట్టుకి అవతల తోటలు పోగొట్టుకున్న రైతులంతా ఆ పిలకల కోసమే కాచుకుని ఉన్నారు. ఆఖరి పరీక్షలో చెయ్యి లేవకపోతే, అదే రోజు పిలకలు పంటు ఎక్కుతాయి. లేస్తే లంక మొత్తం మళ్ళీ నరికి, కొన్నేళ్ళ పాటు అరటి మాటే ఎత్తకూడదు. సూరిబాబు తోటలో అప్పటికే గెలలు దిగుతున్నాయి. పొద్దున్నే వెళ్ళి ఒక్కో గెల కిందా నిలబడి పైకి చూసి వచ్చేవాడు. ఇంట్లో మాటలు కాస్త పెరిగాయి. అయినా కూతురి పేరు మాత్రం రాలేదు.

పరీక్ష ఎల్లుండి అనగా, మధ్యాహ్నం పూట, తల్లి అనంతలక్ష్మి వెనక కూర్చుని వీరవేణికి తలకి నూనె రాస్తోంది. చేతులు కడుక్కోకుండా ఆమె కూతుర్ని ముట్టుకునేది కాదు. ఆ వేళ ఏదో ధ్యాసలో పెరట్లోంచి నేరుగా వచ్చి కూర్చుంది. జడ ముందుకి వేసి, ఒళ్ళో ఉన్న చెయ్యి పక్కకి జరిపింది.

ఆమె వేళ్ళు తగిలిన చోట బిళ్ళ జిలపెట్టింది. వీరవేణి కదలకుండా చూస్తూ ఉండిపోయింది. అంచులు ఎర్రబడ్డాయి.

"చీమేదో కుట్టుంటాది" అంది తల్లి, తన చేతులు చీర కుచ్చెళ్ళలోకి లాక్కుంటూ.

"అమ్మా, ఏం ముట్టుకున్నావు?"

తల్లి పెరటి వైపు చూసింది. వీరవేణి లేచి, పెరట్లో స్నానాల దడి చాటుకి వెళ్ళింది. అక్కడ ఉన్నది ఆమెకి తెలియనిదేమీ కాదు. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే. ఒక్క చక్కెరకేళి చెట్టు, దాని పక్కన రెండు పిల్ల చెట్లు. పెద్దదానికి అప్పుడే ఒక ఆకు కోసిన గాటు ఉంది. కర ఇంకా కారుతోంది.

మొగలిలంకలో ఆడపిల్ల అత్తారింటికి వెళ్ళేటప్పుడు పుట్టింటి పెరట్లోని అరటి పిలక ఒకటి వెంట తీసుకెళ్తుంది. స్నానాల నీళ్ళు పారే చోట నాటుకుంటుంది. దాని కాయ అమ్మరు, ఆకు బయటివాళ్ళకి పెట్టరు. దాన్ని ఎవరూ అరటి చెట్టు అనరు, పుట్టింటి మొక్క అంటారు. అందుకే, తోటలు లెక్కపెట్టడానికి మనుషులొచ్చి "పెరట్లో అరటి ఉందా అమ్మా" అని అడిగినప్పుడు ఇంటింటా ఆడవాళ్ళు లేదనే చెప్పారు. అబద్ధమాడుతున్నామని వాళ్ళలో ఎక్కువమందికి తోచను కూడా లేదు. వీరవేణికీ తోచలేదు. తోటలన్నీ తిరిగి చెయ్యి చాపిన పిల్ల, రోజూ తను నీళ్ళు పోసుకునే చోట నిలబడ్డ చెట్టుని ఒక్కసారైనా చెట్టుగా చూడలేదు.

తల్లి వెనకాలే వచ్చి నిలబడింది.

"మా ఊరు లేదు కదే ఇప్పుడు" అంది. వీరవేణి పుట్టకముందే గోదావరి కోసుకుపోయిన చిన్న లంక ఆమె పుట్టిల్లు. ఇళ్ళు, దారి, అమ్మానాన్నల్ని దహనం చేసిన చోటు కూడా ఏట్లో కలిసిపోయాయి. "నరుకుతారని తెలిసే లేదన్నాను. అందరూ అన్నారు, నేనూ అన్నాను. నిక్షేపంలా ఉంది సూడు. దీనికేం రోగం?"

"అక్కకి ఇచ్చావు కదూ?"

"ఇవ్వకేం? అత్తారింటికి ఉత్త చేతుల్తో పంపుతానా? మంగ దొడ్లో దానికి గెల కూడా పడింది."

అక్క మంగని ఇచ్చింది ఆ ఊళ్ళోనే, నాలుగు వీధుల అవతల. వీరవేణి మనసులో దారులు గీసుకుంటూ పోయింది. ఈ పెరట్లోంచి అక్క పెరట్లోకి. అక్క అత్తగారి పెరట్లోంచి ఆమె కూతురి పెరట్లోకి. ప్రతి పెళ్ళికీ ఒక పిలక. ప్రతి పిలక మీదా పేనుబంక. తోటలన్నీ నరికించిన రోగం ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. శుభ్రమైన మొక్కలు నాటిన తోటల చుట్టూ అది ఇంకా కూర్చునే ఉందని కూడా తెలిసింది.

అయినా తల్లి వేలికంటిన మరకని బట్టి తేల్చేయడం తప్పనిపించింది. డాక్టరమ్మ లేకుండా ఎప్పుడూ చెయ్యని పని చేసింది. గాటు దగ్గర కారుతున్న కరని వేలితో తీసి బిళ్ళ మీద పెట్టుకుంది. గాజుపుల్ల చుక్క ఎంతో, వేలి చుక్క ఎంతో ఆమె ఆలోచించలేదు.

దద్దురు మణికట్టు నుంచి మోచేతికి, మోచేతి నుంచి భుజానికి ఎక్కింది. పెదాలు లావెక్కాయి. ఊపిరి ఈల వేసింది. తల్లి మెడలోని సంచీ లాగి, సూది తీసి, నేర్పినట్టే తొడకి పొడిచింది. తర్వాత కూతుర్ని ఒళ్ళోకి తీసుకోబోయి, తన చేతులు చూసుకుని ఆగిపోయింది. వీరవేణి దడికి ఆనుకుని ఊపిరి కోసం పాకులాడుతుంటే, ఆమె అడుగు దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నకి వాపు తీసింది. బిళ్ళ మాత్రం తెల్లబడి, ఎక్కువసేపు నీళ్ళలో నానిన వేలి చర్మంలా ఉంది. దడి పక్కన పడిన ఈనె ముక్క ఒకటి ఏరి, భయపడుతూనే దాన్ని తాకించింది. జిల లేదు, ఎరుపు లేదు. బాగా పెద్ద దద్దురు లేస్తే ఆ తర్వాత కొన్ని వారాలు చెయ్యి మొద్దుబారొచ్చని హైమవతి ఎప్పుడో చెప్పింది. ఇప్పుడు మొద్దుబారింది.

చెట్టున్న చోట గొయ్యి ఉంది. తెల్లవారకముందే తల్లి దుంపతో సహా తవ్వి, పిల్ల చెట్లతో కలిపి గోదాట్లో వదిలేసి వచ్చింది.

"అయిపోయింది కదా" అంది, ఆ ఈనె ముక్క కూడా తీసుకుని పొయ్యిలో పడేస్తూ. "ఇక ఎవరికీ సెప్పకే. మీ నాన్న మొహం సూశావా ఈ మధ్య? గెలలు సూశావా?"

డాక్టరమ్మ రాగానే చెప్పాలనుకుంది వీరవేణి. ఏ మాటతో మొదలుపెట్టాలా అని రోజంతా వెతుక్కుంది. చెయ్యి మొద్దుబారిందని చెప్తే ఎలా అని అడుగుతారు. ఎలాగో చెప్తే తల్లి పేరు చెప్పాలి. ప్రతి వాక్యమూ అక్కడికే వెళ్ళి ఆగిపోయింది.

* * *

ఆఖరి పరీక్ష సూరిబాబు తోటలో పెట్టారు. జిల్లా నుంచి అధికారి వచ్చాడు. రేవులో పంటు సిద్ధంగా ఉంది. పిలకలు కట్టలు కట్టి గట్టు మీద పేర్చి, తడిగుడ్డలు కప్పారు. ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చారు, మంగ కూడా.

హైమవతి చెయ్యి పట్టుకుని, "ఇంత చల్లగా ఉందేమిటి? భయమా?" అంది. వీరవేణి తలూపింది. నోటిదాకా వచ్చిన మాట ఆ తల ఊపుతోనే లోపలికి పోయింది. "ఇవాళ్టితో సరి" అని హైమవతి ఆమె భుజం తట్టింది. ఆ మనిషి కళ్ళ కింద నల్లటి చారలున్నాయి. ఆమెకీ ఇది త్వరగా అయిపోవాలనే ఉంది.

చుక్క పెట్టారు, తుడిచారు, మళ్ళీ పెట్టారు. తోట ఈ చివర నుంచి ఆ చివరికి, ఆపైన మిగతా తోటల నుంచి తెచ్చిన ముక్కలు. చెయ్యి తెల్లగా, నిమ్మళంగా ఉంది. ఆఖరి చుక్క తుడిచాక ఒకళ్ళెవరో ఈల వేశారు. తాతారావు తలగుడ్డ తీసి గాల్లోకి విసిరాడు. అధికారి కలం తీశాడు. సూరిబాబు మాత్రం ఒక బోదెకి ఆనుకుని నిలబడి మొహం పక్కకి తిప్పుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

"చెయ్యి చచ్చిపోయింది" అంది వీరవేణి.

ఎవరికీ వినబడలేదు. కుర్చీలోంచి లేచి, మళ్ళీ అంది. "చెయ్యి పనిచెయ్యట్లేదు. మొన్న పెద్దగా లేచి మొద్దుబారిపోయింది. ఈ పరీక్ష పరీక్ష కాదు."

ఆ లంకలో చాలామంది ఆమె గొంతు వినడం అదే మొదటిసారి. హైమవతి ఆమె చెయ్యి లాక్కుని, వెలుతురులో పెట్టి, బిళ్ళని వేలితో నొక్కి చూసింది. తర్వాత ఎక్కడ లేచిందని అడిగింది. వీరవేణి చెప్పింది. తల్లి పేరు, చెట్టు, దడి, ప్రతి పెరట్లోనూ ఉన్న పుట్టింటి మొక్కలు, అన్నీ తలవంచుకునే చెప్పింది, కానీ ఆపకుండా చెప్పింది.

హైమవతి అధికారి వైపు తిరిగి, సంతకం ఆపమని, చెయ్యి తేరుకున్నాక మళ్ళీ పరీక్ష పెడదామని అడిగింది. అధికారి మంచిగానే మాట్లాడాడు. అన్ని వారాలు ఆగితే పిలకలు ఎండిపోతాయన్నాడు, గట్టు అవతల రైతులు పొలాలు దున్నుకుని ఉన్నారన్నాడు. చివరికి అన్నాడు: "పరీక్షకురాలి మాట లెక్కలోకి రాదని మీరే రాశారు కదండీ."

"ఆయ్, అదీ అడగండి" అన్నాడు తాతారావు. అతని మొహంలో నవ్వు లేదు. "నిరుడు ఈ పిల్ల కాళ్ళ దగ్గర కూకుని ఒక్క మాట సెప్పమ్మా అని అడిగాను. ఈ పిల్ల మాట సెల్లదన్నారు. నా తోట నా సేత్తోనే నరికాను. ఇయ్యాళ సెల్లుద్దా ఆ మాట?"

హైమవతి ఆడవాళ్ళ వైపు తిరిగి, ఎవరి పెరట్లోనైనా అలాంటి మొక్క ఉంటే ఒక్క ఆకు తెచ్చివ్వమని బతిమాలింది. తెగులున్న చెట్టు చుక్క ఒకటి పెట్టి, చెయ్యి లేవలేదని చూపిస్తే, అది మొద్దుబారిందని అందరికీ రుజువవుతుందని చెప్పింది. ఆ ఆకులో తెగులుందో లేదో పట్టీల మీద కూడా చూస్తానంది. ఆడవాళ్ళు ఒకళ్ళ వంక ఒకళ్ళు చూసుకోలేదు కూడా. సుభద్ర కొంగు సర్దుకుంది. మంగ చంకలోని పిల్లని ఈ పక్క నుంచి ఆ పక్కకి మార్చుకుంది.

"అనంతలక్ష్మి గారూ, మీ ఇంట్లో అరటి ఉందా?"

"లేదండి" అంది తల్లి. ఇప్పుడది నిజమే.

అధికారి సంతకం చేసి, వాచీ చూసుకుంటూ రేవు వైపు నడిచాడు. జనం అతని వెనకాలే కదిలారు. గట్టు మీద పిలకల కట్టలు చేతులు మారుతున్నాయి.

తోటలో కొద్దిమందే మిగిలారు. సూరిబాబు బోదె దగ్గర్నుంచి వచ్చి కూతురి ఎదురుగా నిలబడ్డాడు. ఏడాదిగా ఆ మొహంలోకి చూడలేదేమో, కొత్తవాళ్ళని చూసినట్టు చూశాడు.

"ఈ తోటలో రోగం ఉందంటావా?"

"ఉండి ఉంటుంది నాన్నా. మన దొడ్లోంచి ఇక్కడికి ఎంత దూరం?"

"సెయ్యి సెప్పలేదుగా."

"చెయ్యి చెప్పలేదు. నేను చెప్తున్నాను."

అతను దడి వైపు నడిచాడు. గెలలు కోసే కత్తి దడిలో గుచ్చి ఉంది. అది లాగి, అన్నిటికన్నా పెద్ద గెల ఉన్న చెట్టు దగ్గరికి వెళ్ళాడు. చేత్తో ఒకసారి బోదెని తడిమాడు. తర్వాత ఒక్క వేటు వేశాడు. చెట్టు గెల బరువుకి నెమ్మదిగా వంగి, పక్క చెట్టు ఆకులు చీల్చుకుంటూ పడింది. రేవు వైపు వెళ్తున్నవాళ్ళు కొందరు వెనక్కి తిరిగి చూశారు. "మతి పోయింది మనిషికి" అని ఒకళ్ళు అన్నారు. అతను రెండో చెట్టు దగ్గరికి వెళ్ళాడు.

"వీరవేణీ, దూరంగా జరుగు. కర సిందుతుంది" అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

అనంతలక్ష్మి నాలుగు చెట్లు పడేదాకా చూస్తూ నిలబడింది. అయిదో దానికి ఆమె అక్కడ లేదు. తిరిగి వచ్చేసరికి చేతిలో గునపం ఉంది. తోటలోకి రాలేదు. గట్టు మీదుగా మంగ వాళ్ళ వీధి వైపు నడిచింది. వీరవేణికి అర్థమైంది. తన పెరట్లోది ఏట్లో కలిసిపోయింది కానీ, దాని పిలక ఒకటి ఆ ఇంట్లో బతికే ఉంది. ఒక్క ఆకు దొరికితే చాలు, పంటుని ఇంకా ఆపొచ్చు. పంటు ఆపించమని తోటలోనే ఉన్న డాక్టరమ్మకి సైగ చేసి, తల్లి వెనకాలే పరుగెత్తింది.

మంగ వీళ్ళిద్దరి కంటే ముందే ఇల్లు చేరుకుంది. వీధి తలుపు మూసి ఉంది. వీధిలో మిగతా తలుపులు కూడా, వాళ్ళు నడుస్తుండగానే, ఒకటొకటిగా మూసుకున్నాయి. అనంతలక్ష్మి గునపం గోడకి ఆనించి తలుపు కొట్టింది.

"మంగా, నేనే."

లోపల పిల్ల ఏడుస్తోంది. ఎవరో ఆ నోరు మూశారు.

"నేనే కదే ఇచ్చాను దాన్ని. ఒక్క ఆకు ఇయ్యి తల్లీ. లోపలికి కూడా రాను."

రేవు వైపు నుంచి పంటు ఇంజను స్టార్టయిన చప్పుడు వచ్చింది. అనంతలక్ష్మి ఒక్కసారి అటు తిరిగి చూసింది. మళ్ళీ తలుపు కొట్టింది. వీరవేణి కూడా వచ్చి పక్కన నిలబడి, రెండు చేతులతోనూ కొట్టడం మొదలుపెట్టింది.